మరిగించాకే వాడాలి

ముంతవాడలో పొద్దున్నే లేచి దేవుడి పటం చూసేవాళ్లు కొందరు, అద్దంలో మొహం చూసుకునేవాళ్లు కొందరు. ఎవరు ముందుగా ఏది చూసినా, మంచినీళ్ల బిందె ఎత్తేముందు మాత్రం అందరూ ఫోను తీసి శేషకుమారి గళ్లు చూసేవారు.

శేషకుమారి ఆ ఊరి పురపాలక సంఘంలో కంప్యూటర్ ఆపరేటరు. ఔట్‌సోర్సింగు ఉద్యోగం. పదకొండేళ్లుగా తాత్కాలికంగా పనిచేస్తోంది. ఆ ఆఫీసులో ఆవిడ కన్నా శాశ్వతంగా ఉన్నది గోడ గడియారం ఒక్కటే, అదీ నడవదు. పురపాలక సంఘం వెబ్‌సైటులో ఇరవై నాలుగు వార్డులకు ఇరవై నాలుగు గళ్లు పెట్టింది ఆవిడే. తెల్లవారేసరికి నీటి పరీక్ష చీటీ రాగానే, నీళ్లు మంచివైతే ఆ వార్డు గడికి నీలం వేసేది. కాచి తాగాలంటే ఎరుపు. ఆ పూట కుళాయి రాదంటే పసుపు. చదువు రానివాళ్లకు కూడా రంగు తెలుస్తుంది కదా అని ఆవిడ ఉద్దేశం. ఇది ఎవరూ చెయ్యమనలేదు, కాబట్టి ఎవరూ వద్దనలేదు.

గళ్లు పుట్టడానికి కారణం పద్నాలుగో వార్డు. అక్కడ మంచినీళ్ల గొట్టం మురిక్కాలవ అడుగునుంచి పోతుంది. వానాకాలం వచ్చిందంటే రెండూ ఏకమవుతాయి. ఆ వార్డులో ఇడ్లీబండి గవరమ్మ మనవరాలు శేషకుమారి ఉద్యోగంలో చేరిన ఏడాదే కామెర్లతో నలభై రోజులు మంచాన పడింది. పసుపు ముద్దలా అయిపోయిన ఆ పిల్ల కళ్లు శేషకుమారి మరిచిపోలేదు. గొట్టం మార్చమని అప్పటినుంచీ పెట్టిన అర్జీలు ఆఫీసు బీరువాలో క్షేమంగా ఉన్నాయి. గొట్టం కాలవ అడుగున అలాగే ఉంది.

ఇలా ఉండగా రాజధానిలో ఒక పెద్దాయన కారులో పోతూ పోతూ ఫోనులో రెండు శాఖల వెబ్‌సైట్లు చూశారట. ఒకటి చిలకపచ్చగా, ఒకటి వంగపండు రంగులో ఉన్నాయి. "మనం రాష్ట్రం దాటేశామా?" అని డ్రైవరును అడిగారట. కారు ఊరు చేరేలోపే రాష్ట్ర ఏకరూపతా సంచాలకాలయం పుట్టింది. దానికి శ్రీ కోదండపాణిగారు సంచాలకులయ్యారు. ఆయన అంతకుముందు ఏ శాఖలో పనిచేశారో ఎవరికీ గుర్తులేదు కానీ, అక్కడ కుర్చీలన్నీ ఒకే ఎత్తున ఉండేవని చెప్పుకుంటారు.

సంచాలకులవారు వచ్చీ రాగానే ఒక మాతృ వెబ్‌సైటు పెట్టారు. మిగతా మూడువందల పన్నెండు ప్రభుత్వ వెబ్‌సైట్లూ పుత్రికలు. తల్లి ఏ చీర కడితే కూతుళ్లందరూ ఆ పూటకి అదే చీర కట్టాలి. రంగు, అక్షరం, అంచు, అలంకారం, అన్నీ తల్లివే. ప్రారంభోత్సవం నాడు తల్లికి పూలజల్లు పెట్టి, "మీ రాక మాకెంతో సంతోషం" అన్న మాట మెరిసేలా చేసి, మీట నొక్కారు. రెప్పపాటులో ఆ సింగారమంతా తీగల వెంట మూడువందల పన్నెండు చోట్లకూ పాకింది. వాటిలో ఒకటి శ్మశానవాటికల వెబ్‌సైటు. దహనానికి వేళ నమోదు చేసుకుందామని దాన్ని తెరిచినవాళ్లకు ముందు పూలు రాలాయి, తరవాత వారి రాక మాకెంతో సంతోషమని కనిపించింది.

గొడవైంది. సురక్షిత సమకాలీకరణ సంఘం అని ఒకటి వేశారు. ఆ సంఘం మూడు నెలలు కూర్చుని కొండను తవ్వింది. శ్మశానానికి పూలజల్లు ఎందుకు వెళ్లిందన్న సంగతి వాళ్లకు పెద్దగా పట్టలేదు. అది ఎవరి సంతకమూ లేకుండా వెళ్లిందన్నదే వాళ్లను కలవరపెట్టింది. తీగకు సంతకం పెట్టడం రాదు. కాబట్టి ఇకమీదట ఏ రంగూ తీగ మీద ప్రయాణం చెయ్యరాదని తేల్చారు. కంప్యూటర్లో ప్రతి రంగుకూ ఆరక్షరాల నెంబరు ఉంటుందనీ, అది కాగితం మీద రాసి పంపితే చాలుననీ ఎవరో అన్నారు. సంచాలకులవారు కళ్లజోడు తీసి, నెంబరు చూసి చీర కొన్న ఆడది ఈ రాష్ట్రంలో ఉందా అని అడిగారు. లేదని అందరూ ఒప్పుకున్నారు.

సంచాలకాలయం మేడ కింద ఒక మ్యాచింగ్ సెంటరు ఉంది. చీరకు తగ్గ జాకెట్టు గుడ్డ, లంగా గుడ్డ, ఫాలు అక్కడ దొరుకుతాయి. దాని యజమాని నూకరాజు, చీర కొంగు ఒక్కసారి చూసి, గోడంతా పేర్చిన ఐదువందల తానుల్లోంచి సరైనది చెయ్యి చాపి లాగేవాడు. ఆయన్ని పైకి పిలిపించి రాష్ట్ర వర్ణ సలహాదారును చేశారు. ఆయన తెచ్చిన రూబియా గుడ్డల్లోంచి నెమలికంఠం రంగు ఎంపికైంది. మూడువందల పన్నెండు ముక్కలు కత్తిరించి, లక్క సీలు వేసి, రిజిస్టరు పోస్టులో పంపించారు.

నిబంధనలు కూడా వెంట వచ్చాయి. ఆపరేటరు గుడ్డను తెర పక్కన పట్టుకుని రంగు సరిపోల్చాలి. "ఈ రంగు ఆ రంగే" అని పై అధికారి ఆకుపచ్చ సిరాతో ధ్రువపరచాలి. ఎక్కడైనా రంగు మారినప్పుడు ఆ ఆపరేటరు అక్షర క్రమంలో తన తరవాతి వెబ్‌సైటు ఆపరేటరుకు ఫోను చెయ్యాలి. ఫోను అందుకున్న ఆపరేటరు "మొదలుపెట్టిన చోట గుడ్డ చేతిలో ఉందా?" అని అడగాలి. ఉందంటే రిజిస్టరులో రాసుకుని, తనూ రంగు మార్చి, తరవాతివారికి చెయ్యాలి. ఇలా మూడువందల పన్నెండుమందీ. ఆపరేటర్లు తెలివైనవాళ్లు కాబట్టి మొదటి రోజే గుడ్డ రంగుకు సరిపోయిన నెంబరు ఎవరికి వారు రహస్యంగా రాసి పెట్టుకున్నారు.

ముంతవాడ కమిషనర్‌గారు తెర వంక చూడకుండానే ధ్రువపరిచారు. ఎందుకైనా మంచిదని గుడ్డ మీద కూడా ఆకుపచ్చ సంతకం పెట్టారు. మర్నాడు ఇరవై నాలుగు గళ్లూ నెమలికంఠం రంగులో నిగనిగలాడాయి.

గవరమ్మ ఇడ్లీబండి వదిలేసి ఆఫీసుకు వచ్చింది.

"ఏమ్మా శేషకుమారీ, అన్ని గళ్లూ ఒక్కలాగే ఉన్నాయేటి? ఇయ్యేళ నీళ్లు తాగొచ్చా, వొద్దా?"

"ఇవాళ తాగొచ్చు పిన్నీ. రోజూ నాకు ఫోను చేసి అడుగు."

"నాను సేత్తాను. ఊరంతా సేత్తారా?"

ఊరంతా చేశారు. వారం తిరిగేసరికి శేషకుమారి ఫోను పొయ్యి మీద పెట్టిన పెనంలా కాలిపోతోంది. అందినవాళ్లకు అందింది, అందనివాళ్లు దేవుడి మీద భారం వేసి తాగారు. ఆకాశంలో అప్పటికే మబ్బులు చేరుతున్నాయి. శేషకుమారికి భయం పట్టుకుంది. సొంత పూచీ మీద వెళ్లిరావచ్చునని కమిషనర్‌గారు సెలవిస్తే బస్సెక్కి రాజధానికి వెళ్లింది.

సంచాలకులవారి గదిలో టేబుళ్లు, పూలకుండీలు, గుమాస్తాల చొక్కాలు, అన్నీ నెమలికంఠం రంగే. నూకరాజు ఒక మూల మెడలో టేపుతో కూర్చుని ఉన్నాడు. శేషకుమారి చెప్పవలసిందంతా చెప్పింది. గొట్టం, కాలవ, గవరమ్మ మనవరాలు, ఏదీ వదల్లేదు. ముంతవాడకు మాత్రం పాత రంగులు ఉంచుకోనివ్వమని వేడుకుంది. సంచాలకులవారు ఓపిగ్గా విన్నారు.

"నీటిలో తేడా ఉండవచ్చునమ్మా," అన్నారు చివరికి. "రూపంలో ఉండరాదు."

"ఆ నీళ్లు తాగితే జనానికి కామెర్లొస్తాయి సార్."

"కామెర్లు వైద్యశాఖవారి విషయము. వాటి పసుపు కూడా మా పరిధిలోకి రాదు."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ ఇద్దరూ ఒకరే. శేషకుమారి కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నూకరాజు మూలనుంచి గొంతు సవరించుకున్నాడు. "ఒక ఎర్ర ముక్క ఇచ్చేద్దురూ, పోయేదేముందండీ. మిరపపండు రంగు మంచి తాను ఉంది," అన్నాడు.

సంచాలకులవారు తీర్పు చెప్పారు. ఒక్క పుత్రికకు మినహాయింపు అన్నది ఈ సంచాలకాలయము చరిత్రలో లేదు, ఉండబోదు. కాని ఉమ్మడి శైలికి ఒక వర్ణమును చేర్చుటకు అభ్యంతరము లేదు. చేర్చినచో అది అందరిదీ అవుతుంది. ముంతవాడకు ఎరుపు వచ్చిననాడు మూడువందల పన్నెండింటికీ, తల్లికీ ఎరుపు రావలెను. ఒక కూతురు ఏడుస్తూ ఉంటే మిగతా కూతుళ్లు నవ్వుతూ కూర్చోవడం ఏకరూపత కాదు.

"రాష్ట్రమంతా ఎర్రబడుతుంది సార్," అంది శేషకుమారి. అబద్ధం చెప్పడం ఆవిడకు చేతకాదు.

"అదే కదమ్మా మన ఆశయం," అన్నారు ఆయన.

పాత ప్రమాదం గుర్తుండటం వల్ల భద్రతకు మరికొన్ని షరతులు చేర్చారు. రంగును, దాని కింది రాతను విడదీయరాదు. ఎరుపు మొదలైన చోట గడి కింద ఏమి రాస్తే అందరి కింద అదే ఉండాలి. ఎరుపు వేసుకోవడానికి ఫోను చాలు, తియ్యడానికి మాత్రం ఫైలు కావాలి. మొదలైన చోట పరీక్ష బాగుందని చీటీ వచ్చినచో ఎరుపు తొలగి నెమలికంఠపు నీలము వచ్చును. రానిచో, గుడ్డముక్కలన్నీ రిజిస్టరు పోస్టులో వెనక్కి చేరి, లెక్క సరిపోయి, సంఘము సంతృప్తి చెందిన పిమ్మట తొలగును. దానికి ఎన్నాళ్లు పడుతుందని గుమాస్తాను అడిగితే, తొంభై రోజులకు తక్కువ కాదన్నాడు. సంచాలకులవారు ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టారు. నూకరాజు మిరపపండు తాను కత్తిరించాడు.

ఆషాఢంలో పెద్ద వాన కురిసింది. మర్నాడు పొద్దున నీటి పరీక్ష చీటీ వచ్చింది. పద్నాలుగో వార్డు నీళ్లు చెడ్డవి.

శేషకుమారి సొరుగులోంచి ఎర్ర గుడ్డ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఔట్‌సోర్సింగు ఉద్యోగానికి నోటీసు కూడా అక్కర్లేదు, రేపటినుంచి రావద్దంటే చాలు. రాష్ట్రంలో ఎన్ని ఆఫీసులున్నాయో, ఎందరు పెద్దవాళ్లు ఇవాళ కాఫీ తాగుతూ తెర తెరుస్తారో ఆలోచించింది. తరవాత పద్నాలుగో వార్డులో ఎందరు పిల్లలున్నారో ఆలోచించింది. గడికి ఎరుపు వేసి, కింద "మరిగించాకే వాడాలి" అని రాసి, అక్షర క్రమంలో తరవాతిదైన మూలదిబ్బ పురపాలక సంఘానికి ఫోను చేసింది. అక్కడ ఆపరేటరు సలోమి.

"మిరపపండు," అంది శేషకుమారి.

"గుడ్డ చేతిలో ఉందా అక్కా?"

"ఉంది."

సలోమి రిజిస్టరులో రాసుకుంది. పది గంటలకల్లా రాష్ట్రం ఎర్రబడింది.

ముంతవాడలో గవరమ్మ గడి చూసి, బిందెడు నీళ్లు పొయ్యి మీద పెట్టింది. వార్డంతా పెట్టింది. అక్కడితో అసలు పని అయిపోయినట్టే. కాని మిగతా మూడువందల పదకొండు చోట్ల ఇంకా మొదలవుతోంది. గ్రంథాలయాల వెబ్‌సైటులో పుస్తకాల కింద "మరిగించాకే వాడాలి" అని వచ్చింది. విద్యుత్తు వెబ్‌సైటులో కరెంటు కింద వచ్చింది. వివాహాల నమోదు వెబ్‌సైటులో వధువు గడి కిందా, వరుడి గడి కిందా వచ్చింది. ఒక పెళ్లికొడుకు తండ్రి ముహూర్తం వాయిదా వేసి, విషయం కనుక్కుందామని రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాడు. రిజిస్ట్రారు ఫైలు తెరిచి చూసి, ఉత్తర్వు సక్రమంగానే ఉందని చెప్పి పంపించాడు. పశువైద్య శాఖ ఆసుపత్రిలో కొత్తగా వచ్చిన సిరంజిలను నిజంగానే మరిగించారు. అది ఒక్కటీ మంచిదే అయింది.

మాతృ వెబ్‌సైటులో పైన శ్రీ కోదండపాణిగారి నిలువెత్తు ఫోటో ఉంటుంది. దాని చుట్టూ మిరపపండు రంగు గడి వచ్చింది. ఆయన చిరునవ్వు కింద పెద్ద అక్షరాల్లో, మరిగించాకే వాడాలి.

పదింబావుకు ముంతవాడకు ఫోను వచ్చింది. సంచాలకులవారే స్వయంగా మాట్లాడారు. తక్షణం తియ్యమన్నారు.

"తీస్తాను సార్. ఫైలు పంపించండి," అంది శేషకుమారి. నిజానికి ఆవిడ ఎగతాళి చెయ్యలేదు. నిబంధన అదే.

ఆయన తన నిబంధనలు తెప్పించుకుని మొదటిసారిగా చదివారు. సంతకం ఆయనదే. తొంభై రోజులు. ఆ తొంభై రోజుల్లో పెద్దాయన కారులో ఎన్నిసార్లు ప్రయాణం చేస్తారో లెక్క వేసుకుని, కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడారు. రెండో దారి ఒక్కటే ఉంది. నీటి పరీక్ష బాగుండాలి.

మధ్యాహ్నానికి ముంతవాడ పద్నాలుగో వార్డులోకి రెండు తవ్వే యంత్రాలు, నలుగురు ఇంజనీర్లు, ఒక లారీ కొత్త గొట్టాలు వచ్చాయి. పదకొండేళ్లు అర్జీలు కదిలించలేని మట్టిని గంటలో కదిలించారు. కమిషనర్‌గారు గొడుగు కింద నిలబడి, ఈ పని తన చిరకాల వాంఛ అని ఇంజనీర్లతో అన్నారు. గవరమ్మ అందరికీ ఇడ్లీ పెట్టింది. గొట్టాన్ని కాలవకు బారెడు దూరంగా తిప్పారు. మూడో రోజు చీటీ వచ్చింది, నీళ్లు మంచివి. శేషకుమారి నీలం వేసి, కింద రాత మార్చి, సలోమికి ఫోను చేసింది. ఆ పూట సంచాలకులవారి ఫోటో కింద "నేడు తాగవచ్చు" అని వచ్చింది.

వెంటనే ఎర్ర ముక్కలన్నీ వెనక్కి పంపమని ఉత్తర్వు జారీ అయింది. నిబంధనలను మాత్రం రద్దు చెయ్యలేదు. రద్దు చెయ్యాలంటే మళ్లీ సంఘం వెయ్యాలి, అది మళ్లీ మూడు నెలలు కూర్చోవాలి. గుడ్డలన్నీ బీరువాలో ఉంటే రంగు ఎక్కడినుంచి వస్తుందని సంచాలకులవారు ధీమాగా ఉన్నారు.

ఈ సంగతి తెలిసి గవరమ్మ మళ్లీ ఆఫీసుకు వచ్చింది. కొంగు ముడిలోంచి ఒక ఎర్ర గుడ్డ తీసింది. ముంతవాడ మ్యాచింగ్ సెంటరులో కొన్నది.

"దీన్ని అంపేసెయ్యి. అది దాసుకో."

"తప్పు కదా పిన్నీ."

"పదకొండేళ్లు గొట్టం మార్సకపోడం తప్పు కాదేటి?"

శేషకుమారి పాత ముక్కను సొరుగు అడుగున దాచింది. కొత్త ముక్కను కమిషనర్‌గారి ముందు పెడితే ఆయన చూడకుండానే ఆకుపచ్చ సంతకం పెట్టేశారు. చూడకుండా పెట్టే ఆ సంతకం ఊరికి ఉపయోగపడటం అదే మొదలు. సంచాలకాలయంలో ముక్కలు లెక్కపెట్టారు. మూడువందల పన్నెండు, సరిపోయాయి. నూకరాజు ఒక్కొక్కటీ వేళ్ల మధ్య రాసి చూస్తూ ముంతవాడ ముక్క దగ్గర ఆగాడు. ఆ గుడ్డ రూబియా కాదు, పాప్లిను. రాష్ట్రంలో ఆ సంగతి తెలిసిన మనిషి ఆయనొక్కడే.

"ఏమిటి, అనుమానమా?" అని అడిగారు సంచాలకులవారు.

"అబ్బే. రంగు అదేనండి," అని నూకరాజు ముక్కను దొంతర అడుక్కి తోశాడు.

నెల తిరక్కుండా సలోమి ఫోను చేసింది. మూలదిబ్బలో బడి పైకప్పు తొమ్మిదేళ్లుగా కారుతోంది. పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని పాఠం వింటున్నారు. మొన్న ఒక పెచ్చు ఊడి బెంచీ మీద పడింది. బెంచీ మీద అప్పుడు ఎవరూ లేరు.

"అక్కా, నీ దగ్గర ఆ ముక్క ఏమైనా మిగిలిందా?" అని అడిగింది. "రెండ్రోజులు ఎరువిస్తావా?"

మర్నాడు పొద్దున శేషకుమారి మొదటి బస్సు కండక్టరు చేతికి ఒక స్టీలు క్యారేజీ ఇచ్చి, మూలదిబ్బ స్టాండులో సలోమి అనే ఆవిడకు అందించమంది. పై గిన్నెలో పులిహోర ఉంది. కింది గిన్నెలో మడత పెట్టిన మిరపపండు రంగు గుడ్డ ఉంది.

మూలదిబ్బలో మొదలైన ఫోను రాష్ట్రమంతా తిరిగి, అక్షర క్రమంలో చిట్టచివరికి ముంతవాడకు రావాలి. రెండో రోజు పది గంటలకు వచ్చింది. చేసింది మిట్టగూడెం ఆపరేటరు, మొహం ఎరుగని పిల్ల.

"మిరపపండు అండీ," అంది.

"మొదలుపెట్టిన చోట గుడ్డ చేతిలో ఉందా?" అని శేషకుమారి నిబంధన ప్రకారం అడిగింది.

"ఉందటండీ."

శేషకుమారి రిజిస్టరులో రాసుకుని రంగు మార్చింది. ఆ తరవాత మాతృ వెబ్‌సైటు తెరిచింది. శ్రీ కోదండపాణిగారు ఎర్ర గడిలో చిరునవ్వు నవ్వుతున్నారు. కింద పెద్ద అక్షరాల్లో ఇలా ఉంది: "పైకప్పు కారుతున్నది. కింద నిలబడరాదు."

ఫోను ఇంకా పెట్టెయ్యలేదు. అవతల మిట్టగూడెం పిల్ల ఏదో నసుగుతోంది.

"అదేంటంటే అక్కా... మా ఊరి వంతెన ఒకటుందండీ. ఆ గుడ్డ, అక్కడ పనయ్యాక..."

"వరసలో ఉండాలమ్మా," అంది శేషకుమారి. రిజిస్టరు వెనక్కి తిప్పి, చివరి పేజీలో ఏడో నెంబరు వేసి మిట్టగూడెం అని రాసుకుంది.